ఆటలో పెట్టిన సంఘం

తార్మా,
9 మార్చి 2008

నా తల్లి యొవానాకి,

మీ అమ్మమ్మ మెల్చోరా రాస్తున్నది. ఒంట్లో ఎలా ఉంది? పొట్టలో మంట తగ్గిందా? కాఫీ మానేశావా, మానేశానని నాకు అబద్ధం రాస్తున్నావా? మీ మావయ్య రుఫీనో నడుం ఎలా ఉంది? బస్సు తోలేవాడికి నడుమే అన్నం పెట్టేది, కొవ్వు రాసి గుడ్డ కట్టుకోమని చెప్పు. మీ అత్త దేలియా కాన్పయ్యాక తేరుకుందా, ఇంకా మెట్లెక్కితే రొప్పుతోందా? చంటివాడికి దగ్గన్నావు. లీమా తేమ పసివాళ్ళ ఛాతీకి పట్టేస్తుంది, ఎండగా ఉంది కదా అని ఒంటి చొక్కాతో తిప్పకండి. మీ ఇంటి ఓనరమ్మకి చెవిపోటని కూడా రాశావు. ఆవిడెవరో నేనెరగను గానీ, ఆవిడ పేరు మీద కూడా మురువాయ్ స్వామికి కొవ్వొత్తి వెలిగించాను. చెవిపోటు మెదడుకెక్కితే కష్టం.

నా మోకాళ్ళ సంగతి రాయను, రాస్తే నీకు దిగులు. రెండూ వాచాయి.

ఫోన్ చెయ్యమంటావు. ఫోన్లో నీ గొంతు గొట్టంలోంచి వచ్చినట్టుంటుంది. ఎడమ చెవికి సగమే వినపడుతుంది, కుడి చెవికి అదీ లేదు. "బాగున్నా" అన్నావో "బాగోలేను" అన్నావో తెలీక ఆ రోజంతా నాకు ముద్ద దిగదు. ఉత్తరమైతే దాచుకుని మళ్ళీ చదువుకుంటా. గనిలో ఆడవాళ్ళ కమిటీ వాళ్ళు ముసలితనం వచ్చేముందు నాకు అక్షరాలు నేర్పారు, వాటినెందుకు తుప్పు పట్టించాలి?

ఉద్యోగం వచ్చిందని రాశావు. సంతోషం. కానీ ఏం ఉద్యోగమో నాకు బోధపడలేదు. "ఆటల కంపెనీ" అన్నావు. పక్కింటి జెనోబియా విని, "ఆటలంటే జూదమే, మెల్చోరా, పిల్ల చేత పేకలు పంచిస్తున్నారేమో" అంది. దాని నోట్లో మన్ను పడ. ఆ రోజు నుంచీ నాకు గుండెల్లో దడ. జూదమైతే వచ్చెయ్యి. ఇక్కడ పూలు కోసే పనైనా ఉంది, మంచు కొట్టకుండా ఉంటే గ్లాడియోలాలు బాగానే పోతున్నాయి.

జున్నుముద్ద, వేయించిన మొక్కజొన్న బస్సులో వేశాను. పగలు ఇంట్లో ఎవరూ ఉండరన్నావుగా, నువ్వు రాసిన ఆఫీసు అడ్రసుకే వేశాను. మీ మేనేజరుకి కూడా కాస్త పెట్టు. పైవాళ్ళు కడుపునిండా ఉంటే కింది వాళ్ళ జోలికి రారు.

నిన్నే తలుచుకుంటూ,
అమ్మమ్మ


లీమా,
30 మార్చి 2008

అమ్మమ్మా,

అందరం బాగున్నాం. బుడ్డోడి దగ్గు పోయింది. మావయ్య నడుం మాత్రం అలాగే ఉంది, నువ్వు చెప్పావని చెప్తే "మా అమ్మ వైద్యం మా అమ్మకే" అన్నాడు. ఓనరమ్మ నీ కొవ్వొత్తి సంగతి విని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

జూదం కాదు. జెనోబియా అమ్మమ్మని నోరు మూసుకోమను. ఒక పెద్ద ఊరుందనుకో. కోటలు, అడవులు, గుర్రాలు, రాక్షసులు. ఆ ఊరు భూమ్మీద ఎక్కడా లేదు, కంప్యూటర్లలోనే ఉంది. పూనోలో ఒకడు, లా పాస్‌లో ఒకడు, కీతోలో ఇంకొకడు వాళ్ళ వాళ్ళ ఇంటర్నెట్ గదుల్లో కూర్చుని ఒకేసారి అందులోకి వెళ్తారు, కలిసి తిరుగుతారు, పోట్లాడుకుంటారు. కొరియా వాళ్ళు తయారు చేశారు. ఇంతకు ముందు ఉత్తర అమెరికా వాళ్ళ సర్వర్‌లో ఆడాల్సొచ్చేది. మన కత్తి పైకి లేచేసరికి వాళ్ళు మనల్ని పొడిచేసి వెళ్ళిపోయేవాళ్ళు, అంత దూరం మరి. స్పానిష్‌లో ఒక్క మాట రాస్తే బూతులు తిట్టి తరిమేవాళ్ళు. ఇప్పుడు మా కోందోర్ కంపెనీ పెరూ, బొలీవియా, ఎక్వడోర్ వాళ్ళ కోసమని విడిగా మన సర్వర్ తెచ్చింది. మన భాష, మన వేళలు. తలుపులు తెరిచిన రోజు జనం తోసుకొచ్చారు. "ఇక్కడ ఎవరూ నన్ను వెళ్ళిపొమ్మనరు కదా?" అని ఒకడు అడిగాడు.

నా పని ఆ ఊళ్ళో కాపలా. తెల్ల అంగీ వేసుకుని తిరుగుతా. మోసం చేసేవాణ్ణి పట్టుకుంటా, దారి తప్పినవాడికి దారి చూపిస్తా. మా మేనేజర్ బెర్నాలెస్ గారు నీ జున్ను తిని వేళ్ళు నాకారు.

ఇంకో సంగతి. పని అయ్యాక నేనూ అందరిలాగా ఆడతా. ఆటలో ఒక సంఘం పెట్టాను. అప్పుడే చాలామంది చేరారు, నేనే నాయకురాల్ని. దాని పేరేంటో తెలుసా? "సతుర్నినో మనుషులు". తాతయ్య పేరు ఇప్పుడు లా పాస్ దాకా పాకింది. సంతోషమేనా?

నీ యొవానా


తార్మా,
20 ఏప్రిల్ 2008

యొవానా,

నీ ఒళ్ళూ వాళ్ళ ఒళ్ళూ బాగున్నాయని చదివాను, కిందికి వచ్చేసరికి నా ఒళ్ళు చల్లబడింది.

సంఘమా? నాయకురాలివా? అదీ ఆయన పేరుతోనా?

ఇంతకాలం నీకు సగమే చెప్పాం, చిన్నపిల్లవని. ఇప్పుడు మొత్తం చెప్తా, చదివి కాల్చెయ్యి. మీ తాత జబ్బు చేసి పోయాడని నీకు తెలుసు. జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. పైన గనిలో సంఘానికి ఆయన కార్యదర్శి. సమ్మె రోజుల్లో గేటు దగ్గర నలుగురు చూస్తుండగా ఆయన్ని బండిలో ఎక్కించుకుపోయారు. ఎక్కించుకున్నది ఎవరో ఈనాటికీ ఎవరూ చెప్పలేదు. తిరిగొచ్చేసరికి వానలు మొదలయ్యాయి. దగ్గితే నెత్తురు. గిన్నెలో సూప్ పోసిస్తే చెయ్యి వణికి ఒలికిపోయేది, నన్ను చూడనిచ్చేవాడు కాదు. మీ అమ్మ అప్పుడు నిన్ను కడుపులో మోస్తోంది.

అలాంటి ఇంటి పిల్లవి నువ్వు సంఘం పెట్టి నవ్వుకుంటూ రాస్తావా?

"ఆటలో సంఘం" అని రాశావు. నాకు తెలివి తక్కువే కానీ మరీ అంత తక్కువ కాదులే. గని వాళ్ళ ఉత్తరాలు విప్పి చదివేవాళ్ళు కాబట్టి మీ తాత కూడా ఇలాగే చాటుగా రాసేవాడు. "ఆవు ఈనింది" అంటే సమ్మె ఖాయమని. "పెళ్ళివారు వస్తున్నారు" అంటే సైనికులు వస్తున్నారని. మాకు ఆవూ లేదు, పెళ్ళీ లేదు. ఆ రాక్షసులెవరో, ఆ కోటేమిటో నేను అడగను. నువ్వు గుట్టుగా రాస్తున్నావని తెలిసింది, అదొక్కటే నాకు కాస్త నిమ్మళం.

కానీ వదిలెయ్యి తల్లీ. నాయకత్వం ఇంకెవరికైనా ఇచ్చెయ్యి. పెళ్ళాం పిల్లలు లేని మగాడెవడైనా ఉంటాడుగా.

ఊరగాయ పెట్టిన మిరపకాయలు పంపుతున్నా. కడుపులో మంటుంటే తినొద్దు.

అమ్మమ్మ


లీమా,
14 సెప్టెంబర్ 2008

అమ్మమ్మా,

ఆలస్యమైంది, తిట్టకు. తాతయ్య సంగతి చదివి కొన్నాళ్ళు నాకు పెన్ను పట్టబుద్ధి కాలేదు. నాకెందుకు ముందే చెప్పలేదు? ఇప్పుడు ఆ పేరు ఇంకా వదలను.

నువ్వు మాత్రం నన్ను అర్థం చేసుకోవట్లేదు. ఇది పనికిమాలిన పని అని నీ మనసులో ఉంది, అది చెప్పలేక తాతయ్యని అడ్డం పెడుతున్నావు. అందరూ అంతే. మావయ్య కూడా "చదివిన చదువుకి రాక్షసుల్ని కాయడమా" అంటాడు. నేను ఎంత పెద్ద పని చేస్తున్నానో మీకెవరికీ తెలీదు. లీమాలో పెద్ద హాలు తీసుకుని పోటీ పెట్టాం. పూనో నుంచి, అరెకిపా నుంచి, సరిహద్దు దాటి బొలీవియా నుంచి కూడా బస్సుల్లో దిగారు. పేపర్లో ఫోటో వేశారు. బెర్నాలెస్ గారు వేదిక మీద నా భుజం తట్టి "ఈ అమ్మాయి లేకపోతే ఈ సర్వర్ లేదు" అన్నారు.

మొన్న శనివారం మా సంఘం కోట పట్టుకుంది. ఎన్ని వారాలుగా బొలీవియా వాళ్ళ చేతుల్లో ఉందో తెలుసా? తలుపు విరగ్గొట్టి లోపలికి వెళ్ళాం. సగం మంది పోయారు. భయపడకు, మా దగ్గర చచ్చినవాళ్ళు లేచి చౌకులో నిలబడతారు, బట్టలు సర్దుకుని మళ్ళీ వస్తారు.

పోటీ రోజు తీసిన ఫోటో పెడుతున్నా. అందరం అట్టతో చేసిన యోధుల టోపీలు పెట్టుకున్నాం, మధ్యలో ఉన్నది నేనే. వెనక గుడ్డ మీద పేరు చదువు.

నీ నాయకురాలు,
యొవానా


తార్మా,
5 అక్టోబర్ 2008

నా తల్లికి,

ఫోటో చేరింది. ఒక్కసారి చూసి పరుపు కింద పెట్టాను. అందరూ పిడికిళ్ళెత్తారు. నెత్తిన గని టోపీలు. వెనక ఆయన పేరు, అంతంత అక్షరాలతో. అది పేపర్లో కూడా వేశారంటావు! మీ తాతకి కూడా పేపర్లో పడటం మహా సరదాగా ఉండేది.

కోట పట్టుకున్నారా. తలుపు విరగ్గొట్టారా. సగం మంది పోయారా. ఆ వాక్యం మీద నా వేలు ఆగిపోయింది, జెనోబియా వచ్చి చేతిలోంచి కాయితం తీసేదాకా.

ఇక నుంచి నేనూ జాగ్రత్తగా రాస్తా. విను. మన ఎర్రావుని చూసి పక్కదొడ్డివాడు భలే ఉందని భుజం తడుతున్నాడట. భుజం తట్టేవాడిని నమ్మకు. రేపు తాడు వేసేది వాడే. దూడని లోపల కట్టేసుకో. కొమ్ములు ఎవరికీ చూపించకు. అర్థమైందనుకుంటా.

రుఫీనో నడుం? దేలియా రొప్పు? చంటివాడు నిలబడుతున్నాడా?

మెల్చోరా


లీమా,
21 ఫిబ్రవరి 2010

అమ్మమ్మా,

ఏడాది పైగా ఆవు గురించే రాస్తున్నావు, నేనేమో జున్ను తింటూ "ఆవు బాగుందా" అని అడుగుతున్నాను. అసలు ఆవుని ఎప్పుడు కొన్నావు? ఎక్కడ కడుతున్నావు, వంటింట్లోనా? ఆ పక్కదొడ్డివాడితో గొడవైతే మావయ్యని పంపిస్తా.

ఇక్కడ పరిస్థితి మునుపటిలా లేదు. పిల్లలు డబ్బు కట్టకుండా ఊరికే ఆడుకునే వేరే ఆటలకి పోతున్నారు. దొంగ సర్వర్లు పుట్టుకొచ్చాయి, మన ఊరినే నకలు తీసి పంచుతున్నారు. చౌకులో ఒకప్పుడు నడవడానికి దారుండేది కాదు. ఇప్పుడు నేనొక్కదాన్నే తెల్ల అంగీతో నిలబడి ఎవరైనా దారి తప్పితే బాగుండునని చూస్తుంటా.

శనివారం సర్వర్ పడిపోయింది. మా సంఘం వాళ్ళందరూ ఒక్కసారి బయటపడ్డారు. కొందరు ఇంకా తిరిగి రాలేదు. ఎక్కడున్నారో తెలీదు. బహుశా రారు.

మూసేస్తారని ఆఫీసులో గుసగుసలు. కొరియా వాళ్ళకీ మా పైవాళ్ళకీ ఒప్పందం తెగుతోందట. బెర్నాలెస్ గారు నోరు విప్పరు. కానీ ఒక మంచిమాట వినపడింది: బొగొతాలో పెట్టే కొత్త ఆఫీసుకి ఇక్కణ్ణుంచి కొద్దిమందిని తీసుకుంటారట, ఆ పేర్లలో నాది ఉందట. ఆయనే రాశారట. అది వస్తే నేను బతికినట్టే, అమ్మమ్మా. ఈ పని తప్ప నాకింకోటి రాదు, ఇంకోటి అక్కర్లేదు కూడా. మురువాయ్ స్వామికి నా పేరు మీద కూడా ఒక కొవ్వొత్తి.

యొవానా


తార్మా,
7 మార్చి 2010

నా తల్లికి,

ఇంట్లో అందరూ బాగున్నారనుకుంటా. నేను బాగున్నా.

ఆవు సంగతి తెలీనట్టు భలే రాశావు. మీ తాత కూడా నీ అంత గట్టివాడు కాదు.

ఆ పడిపోయిన సర్వర్ ఎవరో పాపం, తల్లిదండ్రులున్నారా? తిరిగి రాని వాళ్ళ ఇళ్ళకి ఎవరైనా కబురు పంపారా? నేను మూడు పూటలా ప్రార్థన చేస్తున్నా. పేర్లు తెలీదు కాబట్టి "యొవానా వాళ్ళు" అని చెప్తున్నా.

నిన్ను దూరదేశం పంపిస్తామని ఆశ పెడుతున్నారంటావు. ఆలోచించు. నాయకుల్ని దూరం పంపడం ఎప్పటి నుంచో ఉన్నదే. అలా వెళ్ళినవాళ్ళు అక్కణ్ణుంచి ఉత్తరం రాయడం నేను చూడలేదు.

నువ్వు బెంగ పెట్టుకోకు. నేను చెయ్యవలసింది చేశాను. అంతా సర్దుకుంటుంది. అప్పుడు నువ్వే అంటావు, ముసల్దానికి బుర్ర ఉందని.

అమ్మమ్మ


లీమా,
2 మే 2010

నువ్వు మా మేనేజర్‌కి ఉత్తరం రాశావా?

ఒక జున్ను, ఒక సీసా పాలకోవా, వాటితో పాటు ఒక ఉత్తరం. నా పేరున వేసే అడ్రసుకే, ఆయన పేరుతో. బెర్నాలెస్ గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసి, అది చదివి వినిపించారు. నీ అక్షరాలు నాకు తెలీవా? "దయగల దొరా, నా మనవరాలు సంఘం నాయకురాలన్న మాట నిజమే. అది దాని తప్పు కాదు, వాళ్ళ తాత నెత్తురు. పెద్ద సంఘం నడుపుతోంది, కోట కూడా పట్టుకుంది. దాన్ని ఏమీ చెయ్యకండి. సంఘం వదిలేస్తుందని నేను మాటిస్తున్నా. మిగతావాళ్ళు మంచివాళ్ళో కాదో నాకు తెలీదు." ఆ చివరి మాట ఎందుకు రాశావు అమ్మమ్మా? ఎవరు రాయమన్నారు?

నేను నవ్వాను. నిజంగా నవ్వొచ్చింది. "సార్, ఇది ఆటలో సంఘం, మా అమ్మమ్మ గనిలో సంఘం అనుకుంది" అన్నాను. ఆయనా నవ్వారు. "అవునవును, కోట అని ఉందిగా" అన్నారు. తర్వాత నవ్వడం మానేసి, "మరి ఆఫీసులో సంఘం ఎవరు పెడుతున్నారు, యొవానా?" అని అడిగారు. నాకు తెలీదన్నాను. నాకు నిజంగా తెలీదు. "నీకు తెలీకుండా మీ అమ్మమ్మకి తెలిసిందా?" అన్నారు.

బొగొతా జాబితాలో నా పేరు కొట్టేశారు. వారం తిరక్కుండా ఉద్యోగం తీసేశారు, నా తెల్ల అంగీ కూడా పోయింది. లోపలికి వెళ్దామంటే తాళం తిరగలేదు. బెర్నాలెస్ గారి పక్కన కూర్చునే అమ్మాయి మాత్రం, "పాలకోవా చాలా బాగుంది, మీ అమ్మమ్మకి చెప్పు" అంది.

ఆటలో సంఘం అంటే కలిసి ఆడుకునే జట్టు. అంతే. పూనో పిల్లలు, లా పాస్ పిల్లలు. నేను మొదటి ఉత్తరంలోనే రాశాను. కోట అంటే కోటే. రాక్షసుడు అంటే రాక్షసుడే. సర్వర్ అంటే మిషను, మనిషి కాదు. నేను ఏ మాటా చాటుగా రాయలేదు. ఆవు లేదని నాకు ఇప్పుడు తెలిసింది.

మావయ్య నడుం అలాగే ఉంది. ఇంక అడగకు.

యొవానా


తార్మా,
16 మే 2010

యొవానా,

నీ ఉత్తరం చదివి ఆ పూట స్టవ్ వెలిగించలేదు. జెనోబియా సూప్ తెచ్చి పెట్టింది. తిన్నాను, అబద్ధం చెప్పను.

ఆట అని నువ్వు రాశావు. రాశావు, నిజమే. మళ్ళీ తీసి చదివాను. ఎంత సూటిగా రాశావో ఇప్పుడు కనపడుతోంది. అప్పుడు నా కళ్ళకి సంఘం అన్న ఒక్క మాటే కనపడింది. ఆ మాట పక్కన ఇంకేముంటే నాకేం పట్టిందని? మీ పిల్లలకి ఇంకో మాట దొరకలేదా? జట్టు అని పెట్టుకోవచ్చుగా, మంద అని పెట్టుకోవచ్చుగా. ఆ మాటతో ఆడుకోవడం ఏమిటి తల్లీ? అది మా ఇళ్ళల్లో నెత్తురు పడ్డ మాట.

నన్ను ఎవరు రాయమన్నారంటావా? నాకు నేనే. జెనోబియా మొగుడు కూడా మీ తాతతో పాటే సంఘంలో ఉన్నాడు. ఇది వెళ్ళి పెద్ద దొర కాళ్ళ మీద పడింది. వాణ్ణి వదిలేశారు. ఇప్పటికీ ఎండలో కూర్చుని చెవి గోక్కుంటూ ఉంటాడు, రోజూ చూస్తున్నా. అది చూసి చూసి, ఈసారి నేనూ పడతాను అనుకున్నా. నా మనవరాలు కూడా ముసల్దై ఎండలో కూర్చోవాలని. ఇది తప్పంటే తప్పే.

"మిగతావాళ్ళు మంచివాళ్ళో కాదో" అని రాసింది నిన్ను వేరు చేసి చూపిద్దామని. ఒక్క గొర్రెనైనా దాచుకుందామని. వాళ్ళు ఆడుకునే పిల్లలేగా, వాళ్ళకేమవుతుంది?

కోపం తగ్గాక రాయి. తగ్గకపోయినా రాయి. తింటున్నావా? పొట్టలో మంట ఇప్పుడు ఎక్కువై ఉంటుంది, నాకు తెలుసు.

అమ్మమ్మ


లీమా,
29 ఆగస్టు 2010

అమ్మమ్మా,

సర్వర్ మూసేశారు. నిన్న మధ్యాహ్నం. నువ్వు అడగలేదు గానీ రాస్తున్నా, ఎందుకంటే ఇంకెవరికి రాయను?

మా వీధి చివర ఇంటర్నెట్ గదిలో కూర్చుని అందరిలాగే లోపలికి వెళ్ళాను. ఎన్నాళ్ళ నుంచో రానివాళ్ళు కూడా వచ్చారు. మళ్ళీ చౌకులో దారి లేదు. ఆటలో కూర్చోవడానికి ఒక మీట ఉంటుంది. ఎవడో ఒకడు కూర్చున్నాడు, పక్కవాడు కూర్చున్నాడు, చివరికి చౌకంతా నేల మీదే. తర్వాత మా దగ్గర కోట మళ్ళీ లాక్కున్న లా పాస్ కుర్రాడు వచ్చి నా పక్కన కూర్చుని, "నాయకురాలా, రేపు ఎక్కడికి రావాలి?" అన్నాడు. జవాబు రాస్తున్నా. సగంలో తెర నల్లబడింది. గది ఓనరు వచ్చి, "అయిపోయిందా? లేస్తే వేరేవాళ్ళు కూర్చుంటారు" అన్నాడు.

అదయ్యాక పాత ఆఫీసు దగ్గరికి వెళ్ళా, అందరూ సామాన్లు సర్దుకుని బయటికొస్తున్నారు. కౌగిలించుకుందామని దగ్గరికి వెళ్ళాను. నాలాగే చూడ్డానికి వచ్చిన నోర్మా మొహం తిప్పుకుంది. నా పక్క కుర్చీలో కూర్చుని, నా మొక్కజొన్న తిన్న నోర్మా.

అప్పుడు తెలిసింది. ఆఫీసులో నిజంగానే సంఘం పెడుతున్నారట. మూసేసేటప్పుడు ఉత్తచేతులతో పంపకుండా అడుగుదామని, నోర్మా, ఇంకో అయిదుగురు, గుట్టుగా. నేను బెర్నాలెస్ గారికి దగ్గరని నాకు చెప్పలేదు. నీ ఉత్తరం వచ్చేదాకా ఆయనకి అనుమానమే లేదట. చదివాక వెతకడం మొదలెట్టాడు. నా తర్వాత ఆ ఆరుగురినీ తీసేశారు. ఎవరో అప్పగించారని వాళ్ళకి తెలుసు. ఆయన వాళ్ళకి ఒకటే మాట చెప్పాడట: "యొవానా ఇంట్లోవాళ్ళే నాకు రాశారు, సంఘం వదిలేస్తుందని మాట కూడా ఇచ్చారు."

నన్నూ తీసేశారుగా అని ఎంత చెప్పినా వినలేదు. ఆటలో సంఘమా, అమ్మమ్మ పొరబడిందా అని నవ్వారు. నోర్మా నన్ను ఏమందో తెలుసా? పసుపుది అంది. కంపెనీకి తోటివాళ్ళని అమ్ముకున్నవాళ్ళని తాతయ్య వాళ్ళు అనేది ఆ మాటే కదా? అందరి ముందూ. సతుర్నినో మనవరాలు పసుపుదట.

పని పోతే ఇంకో పని. ఈ మాట పోదు.

ఆదివారం ఆదివారం ఆ ఆరుగురూ ఇక్కడే బ్రేన్యా పేటలో చర్చి వెనక గదిలో కలుస్తున్నారట, ఏం చెయ్యాలో మాట్లాడుకోవడానికి. ఈ పొద్దున్న వెళ్తే నన్ను గుమ్మం దగ్గరే ఆపేశారు.

నీకు ఇది రాయకూడదనుకున్నా. రాశాను.

యొవానా


తార్మా,
12 సెప్టెంబర్ 2010

యొవానా,

ఈసారి ఎవరి ఒళ్ళు ఎలా ఉందో అడగను.

నిన్ను బతికించుకోవాలనుకున్నాను. నువ్వు బతికే ఉన్నావు. కానీ ఆ మాట పడ్డావు. మీ తాత నెత్తురు కక్కుతూ కూడా ఆ మాట పడలేదు.

నేను లీమా వస్తున్నా. వద్దంటావని తెలుసు, అందుకే అడగడం లేదు. దారిలో బస్సు దాటే కొండ మీద గాలి అందక చచ్చిపోతానేమోనని ఇన్నాళ్ళూ ఎక్కలేదు. ఇప్పుడూ భయమే. గాలి అందకపోతే నమలడానికి కోకా ఆకు మూట కట్టుకున్నా, పక్క సీట్లో జెనోబియా కూర్చుంటానంది. రుఫీనోకి చెప్పొద్దు, వాడు బస్సుల ఆఫీసులో చెప్పి నన్ను ఆపేయిస్తాడు.

ఆ గదికి వెళ్తా. ఉత్తరం రాసింది నేను, మాటిచ్చింది నేను, మిగతావాళ్ళ గురించి ఆ మాట రాసిన చెయ్యి ఇది అని చెప్తా. నా ఉత్తరం దొర దగ్గరుంది కాబట్టి చూపించడానికేమీ లేదు. కావాలంటే వాళ్ళ ముందే మళ్ళీ రాస్తా, అక్షరాలు పోల్చుకోమంటా.

నమ్ముతారని అనుకోకు. మనవరాలు ముసల్దాన్ని తెచ్చి అబద్ధం చెప్పిస్తోందంటారు. గనిలో పసుపోడి తల్లి ఒకావిడ ఇలాగే మా కమిటీ గదికి వచ్చింది. ఆవిణ్ణి మేం కూర్చోనివ్వలేదు, మాట మధ్యలో ఎవరూ మంచినీళ్ళివ్వలేదు. ఆడవాళ్ళం ఎలా చూస్తామో నాకు తెలుసు. కాబట్టి కుర్చీ కోసం ఎదురుచూడను. మోకాళ్ళకి గుడ్డ చుట్టుకుని నిలబడే చెప్తా.

నువ్వు నాతో లోపలికి రావద్దు. వస్తే నేర్పించి తెచ్చావంటారు. బస్టాండుకి కూడా రావద్దు, అడ్రసు కాయితం మీద పెద్ద అక్షరాలతో రాసి పంపు చాలు.

శనివారం బస్సెక్కుతా. అక్టోబర్ పదో తారీకు, ఆదివారం పొద్దున్న, ఆ గది తలుపు తెరిచేసరికి బయట ఉంటా.

మెల్చోరా